బందరు రాసిచ్చిన సుబేదారు - నవాబు సలాబత్ జంగ్ జీవితం

కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ మారుమూలకు ఫ్రాన్సుతో ఏమి పని, ఇంగ్లండుతో ఏమి పని అని మన పిల్లలు అడగవచ్చును. పని ఉన్నది. బందరులో పరాసుపేట ఉన్నది. పరాసులంటే ఫ్రెంచి వారు. ఇంగ్లీషుపాలెం ఉన్నది, వలందపాలెం ఉన్నది. వలందులంటే డచ్చి వారు. ఆ పేర్లు ఊరికే పడినవి కావు. డచ్చి వారు 17వ శతాబ్ది మొదట్లోనే వచ్చారు, ఇంగ్లీషు వారు 1611లో వచ్చారు, ఫ్రెంచి వారు 1669లో గోల్కొండ సుల్తాను ఫర్మానా పట్టుకుని వచ్చారు. అందరూ మన అద్దకపు బట్టల కోసం వచ్చిన వర్తకులే. వర్తకులు కాస్తా కోటలు పట్టే వారెలా అయ్యారో చెప్పాలంటే ఒక నవాబు గారి కథ చెప్పాలి. ఆయన పేరు సలాబత్ జంగ్.

ఇలాంటి సంచికల్లో మామూలుగా ఔలియాల గురించి, ఆలిముల గురించి, స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్ళిన పెద్దల గురించి రాస్తారు. మేము ఈసారి ఓడిపోయిన ఒక మనిషిని ఎన్నుకున్నాము. కారణం ఒక్కటే. ఈ తీరం మొదటిసారి ఇంగ్లీషు కుంఫిణీ చేతికి పోయింది ఆయన మొహరుతోనే. ఆయన్ని చేతగానివాడనే వారున్నారు, దేశాన్ని అమ్ముకున్నాడనే వారూ ఉన్నారు. మేము మాత్రం ఆయన కథలో కత్తి కంటే ఎక్కువగా జీతం బాకీల లెక్క చూశాము. ఆ లెక్క చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఆయన 1718లో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మీర్ సయ్యద్ ముహమ్మద్ ఖాన్. తండ్రి హైదరాబాదు రాజ్యానికి మూలపురుషుడైన నిజాముల్ ముల్క్ అసఫ్ జా. పెద్దాయనకు ఆరుగురు కుమారులు. వరుసగా ఘాజీయుద్దీన్ ఖాన్, నాసిర్ జంగ్, సలాబత్ జంగ్, నిజాం అలీ, బసాలత్ జంగ్, మొఘల్ అలీ. సలాబత్ జంగ్ మూడవవాడు. మూడవవాడికి గద్దె మీద ఆశ ఉండదు, ఉండకూడదు కూడా. ముప్పై ఏళ్ళ వయసు వరకు ఆయన పేరు చరిత్రలో పెద్దగా వినపడదు.

1748లో పెద్దాయన బుర్హాన్‌పురంలో కాలం చేశారు. పెద్ద కొడుకు ఢిల్లీ దర్బారులో ఉన్నారు. దగ్గరున్న రెండో కొడుకు నాసిర్ జంగ్ గద్దె ఎక్కారు. కూతురి కొడుకు ముజఫర్ జంగ్ మాత్రం తాతగారు తనకే రాసిచ్చారని లేచాడు. ఇంట్లో గొడవ ఇది. ఇలాంటివి మన ఇళ్ళల్లోనూ చూస్తూనే ఉంటాము, నలుగురు పెద్దలు కూర్చుంటే తీరిపోతాయి. ఇక్కడ కూర్చోడానికి వచ్చిన పెద్దలు వేరు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే ఉన్నాడు. మద్రాసులో ఇంగ్లీషు వారున్నారు. ఐరోపాలో ఈ రెండు జాతుల నడుమ యుద్ధం 1740 దశకంలో జరిగింది. దాని వల్ల ఇక్కడ గూడా 1746లో ఫ్రెంచి వారు మద్రాసు పట్టుకున్నారు, సంధి కుదిరాక 1749లో తిరిగి ఇచ్చేశారు. యుద్ధం అయిపోయింది గాని, కవాతు నేర్చిన సిపాయిలు అలాగే ఉన్నారు. వాళ్ళను ఊరికే కూర్చోబెట్టి మేపాలంటే ఎవరికైనా భారమే. అద్దెకు ఇస్తే లాభం. ముజఫర్ జంగ్‌కు ఫ్రెంచి సైన్యం అద్దెకు దొరికింది. నాసిర్ జంగ్ వైపు ఇంగ్లీషు వారు చేరారు.

ఆ తరువాత జరిగినవి చాలా వేగంగా జరిగాయి. 1750 డిసెంబరులో జింజి దగ్గర నాసిర్ జంగ్‌ను ఆయన సొంత దండులోని పఠాన్ నవాబులే చంపారు. ముజఫర్ జంగ్ సుబేదారయ్యాడు. అంతకు ముందే ఆ వేసవిలో ఫ్రెంచి వారు బందరు పట్టుకుని ఉన్నారు, ఆయన దానిని వారికే ఖాయం చేశాడు. 1751 జనవరిలో పుదుచ్చేరి నుంచి హైదరాబాదుకు బయలుదేరాడు. వెంట బుస్సీ అనే ఫ్రెంచి సేనాని, 300 మంది తెల్ల సైనికులు, 2000 మంది సిపాయిలు. దారిలో, ఫిబ్రవరి నెలలో, రాయచోటి దగ్గరి లక్కిరెడ్డిపల్లె వద్ద అదే పఠాన్ నవాబులతో తగాదా వచ్చి, ఆ పోరులో ముజఫర్ జంగ్ గూడా చనిపోయాడు. గద్దె ఎక్కి రెండు నెలలే.

ఇక ఆ దండులో యజమాని లేడు. చనిపోయిన వాని కొడుకు పసివాడు. అప్పుడు బుస్సీ దండులో వెదికాడు. కాపలా కింద ఉన్న డేరాల్లో నాసిర్ జంగ్ తమ్ముళ్ళు ముగ్గురు ఖైదీలుగా వెంట వస్తున్నారు. వారిలో పెద్దవాడు సలాబత్ జంగ్. పొద్దున ఖైదీ, సాయంత్రానికి దక్కను సుబేదారు. ఆ డేరా నుంచి బయటకు వచ్చిన రోజున ఆయనకు సొంత సైన్యం లేదు, ఖజానా లేదు, తన వాడని చెప్పుకోడానికి ఒక్క సర్దారు లేడు. ఉన్నదల్లా ఎవరో అద్దెకిచ్చిన సైన్యం. ఆ అద్దె నెలనెలా కట్టాలి. ఆయన మిగతా జీవితమంతా ఈ అద్దె చుట్టూనే తిరిగింది.

హైదరాబాదు మీదుగా ఔరంగాబాదు చేరారు. ఢిల్లీ నుంచి పెద్దన్న ఘాజీయుద్దీన్ పెద్ద దండుతో వచ్చారు. 1752 అక్టోబరులో, ఔరంగాబాదు చేరిన కొద్ది రోజులకే, విషాహారం వల్ల పోయారు. తమ్ముడి పాలనకు అడ్డు తొలగింది. పీష్వాతో సంధి కోసం పడమటి జిల్లాలు వదులుకోవలసి వచ్చింది. వదులుకున్న ప్రతి జిల్లాతో పాటు శిస్తు పోతుంది. శిస్తు పోతే ఫ్రెంచి వారి జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ మన బందరు కథలోకి వస్తుంది. 1753 మొదట్లో బుస్సీకి జబ్బు చేసింది. గాలి మార్పు కోసం సముద్రపు ఒడ్డున ఉన్న మచిలీపట్నానికి వచ్చాడు. ఆయన లేని సమయం చూసి దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ ఫ్రెంచి సైన్యానికి జీతాలు బిగబట్టాడు. జీతాలు అందకపోతే వాళ్ళే చెల్లాచెదరు అవుతారని ఆయన ఎత్తు. ఎత్తు బాగానే ఉన్నది గాని, బుస్సీకి నయమైంది. సైన్యాన్ని కూడగట్టుకుని తిన్నగా ఔరంగాబాదు వెళ్ళాడు. ఇకపై నెలనెలా ఖజానా వైపు చూడడం కుదరదు, శిస్తు వసూలు చేసుకునే నేలనే మాకు అప్పగించండి అన్నది ఆయన కోరిక. 1753 ఆఖరులో సలాబత్ జంగ్ ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచి సైన్యం జీతాల కింద అప్పగించారు. ముస్తఫానగరు అంటే మన కొండపల్లి సీమ. ఒక్క కాగితంతో, కృష్ణ మొదలు కళింగం దాకా ఉన్న తీరం ఫ్రెంచి వారిదయింది. అమ్మకం కాదు, దానం కాదు. జీతానికి తాకట్టు. తాకట్టు పెట్టిన వస్తువు తిరిగి ఇంటికి రావడం ఎంత అరుదో మనకు తెలుసు.

ఇంగ్లీషు వారు దీన్ని చూస్తూ ఊరుకోలేదు. అయితే ఆ సమయంలో ఐరోపాలో రెండు రాజ్యాల మధ్య శాంతి ఉన్నది. ఫ్రాన్సు వారు డూప్లేను వెనక్కు పిలిచి గోద్‌హ్యూ అనే వానిని పంపారు. 1754 ఆఖరులో, 1755 మొదట్లో ఈయనా మద్రాసు గవర్నరు సాండర్సూ కలిసి ఒక ముసాయిదా రాసుకున్నారు. ఆ ముసాయిదాలో మన దివి పేరు ఉన్నది! ఒకరు మచిలీపట్నం తీసుకుంటే రెండవ వారు దివి తీసుకోవాలి, ఇదీ వారి ఏర్పాటు. మన కోడూరు, అవనిగడ్డ, నాగాయలంక, హంసలదీవి ఉన్న ఈ లంక నేలను పుదుచ్చేరిలో ఒకరూ మద్రాసులో ఒకరూ కూర్చుని తక్కెడలో బందరుకు సరితూకంగా వేశారు. సుబేదారు గారిని అడిగిన వారు లేరు. ఇక్కడ దున్నుకునే వాళ్ళను అడగడమనే ఆలోచన ఎవరికీ రాలేదనుకోండి. పై ప్రభుత్వాలు ఖాయం చేయకముందే మళ్ళీ యుద్ధం వచ్చి ఆ ముసాయిదా అటకెక్కింది.

సలాబత్ జంగ్ దర్బారులో ఈ సంగతి అర్థమైన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన తరువాతి దివాను షానవాజ్ ఖాన్. గొప్ప పండితుడు. మొఘల్ దర్బారు అమీర్ల జీవితాలన్నీ కూర్చి మఆసిరుల్ ఉమరా అనే పారశీక గ్రంథం రాశారు. చరిత్ర రాసేవాళ్ళు ఈనాటికీ ఆ గ్రంథం తెరవక తప్పదు. ఫ్రెంచి వారిని పంపేస్తే తప్ప రాజ్యం నిలవదని ఆయన నమ్మకం. 1756లో నవాబు చేత బుస్సీని కొలువు నుంచి తీసివేయించారు. బుస్సీ పోయినట్టే పోయి, హైదరాబాదులో చార్‌మహల్ తోటలో కోట కట్టుకున్నట్టు కూర్చున్నాడు. కుమ్మక్కు సైన్యం బందరు మీదుగా వచ్చిందాకా కదలలేదు. ఆగస్టుకల్లా నవాబు మళ్ళీ రాజీకి వచ్చారు. ఆయన మనసు ఎటు ఉన్నదో చెప్పడం కష్టం. ఒక పక్కన దివాను చెప్పింది నిజమని తెలుసు. రెండో పక్కన, బుస్సీ పోతే తన తమ్ముడు నిజాం అలీ తనను బతకనివ్వడని గూడా తెలుసు. ఆయన భయం తప్పు కాదని తరువాత జరిగినవే చెబుతాయి.

1758 మే నెలలో ఔరంగాబాదులో కత్తులు లేచాయి. బుస్సీకి దివానుగా హైదర్ జంగ్ అనే చాలా తెలివిగలవాడు ఉండేవాడు. అసలు పేరు అబ్దుర్ రహమాన్. తండ్రి మన మచిలీపట్నంలో ఫౌజ్‌దారీ చేసిన ఖ్వాజా ఖలందర్. ఫ్రెంచి వారి మాటా దర్బారు మాటా రెండూ తెలిసినవాడు కావడంతో అందరి నడుమా ఆయనే నడిచేవాడు. ఆయన షానవాజ్ ఖాన్‌ను కాపలాలో పెట్టించాడు, నిజాం అలీని దూరంగా పంపించే ఏర్పాటు చేశాడు. నిజాం అలీ ఆయన్ను తన డేరాకు పిలిపించి చంపించి, తాను బుర్హాన్‌పురం వైపు పారిపోయాడు. ఆ గందరగోళంలో అదే రోజున కాపలాలో ఉన్న షానవాజ్ ఖాన్‌నూ చంపేశారు. ఇంటిని దోచారు. ఆయన రాసిన గ్రంథపు కాగితాలు గూడా దోపిడీలో పోగా, మిత్రుడు ఆజాద్ బిల్‌గ్రామీ గారు ఏడాది పైగా వెదికి వాటిని చేర్చారు. సలాబత్ జంగ్‌కు ఒక్క రోజులో అటు ఫ్రెంచి వారితో మాట్లాడే మనిషీ పోయాడు, ఇటు ఫ్రెంచి వారు వద్దని చెప్పే మనిషీ పోయాడు.

అది చాలదన్నట్టు, వచ్చే నెలలోనే పుదుచ్చేరికి కొత్తగా వచ్చిన సేనాని లాలీ నుంచి బుస్సీకి తాఖీదు వచ్చింది. అప్పటికి ఐరోపాలో ఏడేళ్ళ యుద్ధం నడుస్తున్నది. లాలీకి మద్రాసు కావాలి, దక్కను దర్బారు అక్కరలేదు. ఉన్న సైన్యం తీసుకుని రమ్మన్నాడు. బుస్సీ సెలవు తీసుకుంటుంటే సలాబత్ జంగ్ దిక్కులేనివాడిలా కుమిలిపోయారని ఇంగ్లీషు వారే రాసుకున్నారు. సర్కారులలో కాంఫ్లాన్ అనే వానిని ఉంచి బుస్సీ వెళ్ళాడు.

ఆ సందు చూసి విజయనగరం రాజు ఆనందరాజు ఫ్రెంచి వారి మీద తిరగబడి ఇంగ్లీషు వారికి కబురంపారు. బెంగాలు నుంచి క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఫ్రెంచి వారు ఓడిపోయారు. ఇంగ్లీషు పుస్తకాలలో ఈ పోరును కొండోర్ అని రాశారు. అది చదివి మన కోడూరు అనుకునే వారున్నారు. కాదు, అది గోదావరి అవతలి సంగతి.

కాంఫ్లాన్ పారిపోయి బందరుకోటలో దూరాడు. వెనకాలే ఫోర్డు 1759 మార్చి మొదటి వారానికి కోట ముందుకు వచ్చాడు. బందరుకోట ఎలాంటి చోట ఉన్నదో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఊరికి విడిగా, పర్ర భూముల నడుమ, ఆటుపోటుల బురదలో ఉంటుంది. ఊరి వైపు నుంచి ఒక్క కట్ట దారి. లోపల ఫ్రెంచి సైన్యం బయటివారి కంటే ఎక్కువ. బయట ఫోర్డుకు డబ్బు లేదు. ఇస్తానన్న రాజుగారు సరిగా ఇవ్వలేదు. జీతాలు అందక ఆయన తెల్ల సైనికులే ఆయుధాలతో లేచి, వెళ్ళిపోతామని బెదిరించారు. కోటలో దొరికే సొమ్ములో వాటా ఇస్తానని ఫోర్డు వాళ్ళను నిలబెట్టాడు. చూడండి, ఇక్కడా జీతమే!

మరి సుబేదారు ఎక్కడున్నారు? బెజవాడలో. నలభై మైళ్ళ దూరం. తమ్ముడు బసాలత్ జంగ్‌తో సహా, 15,000 గుర్రాలు, 20,000 కాల్బలం ఉన్నదని లెక్క చెబుతారు. ఫ్రెంచి వారికి సాయంగా వచ్చారు, వస్తున్నారు, వస్తూనే ఉన్నారు. సముద్రం మీద పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి ఓడలు గూడా బయలుదేరాయి. ఫోర్డు దగ్గర రెండు రోజుల మందుగుండు మాత్రమే మిగిలింది. నవాబు ఆ నలభై మైళ్ళు నడిచి ఉంటే ఏమయ్యేదో! మా ఉద్దేశంలో ఆయన ఆలస్యం పిరికితనం మాత్రమే కాదు. ఆయన సైన్యమూ బాకీల సైన్యమే, సర్దార్లు ఎవరు గెలుస్తారో చూసి చేరుదామనే వాళ్ళే. అదీ గాక, ఆయన వీపు వెనక నిజాం అలీ హైదరాబాదు వైపు వస్తున్నాడు.

ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఫోర్డు కోట మీద పడ్డాడు. ఆనందరాజు మనుషులు కట్ట దారి వైపు గోల చేశారు. కెప్టెన్ నాక్స్ నైరుతి బురదలో నుంచి దొంగ దాడి చేశాడు. అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద, మోకాటి లోతు బురదలో నడిచి. తెల్లవారేసరికి కాంఫ్లాన్ లొంగిపోయాడు. సుమారు 500 మంది ఐరోపా వాళ్ళు, 2500 మందికి పైగా సిపాయిలూ ఇతరులూ ఖైదయ్యారు. 120 ఫిరంగులు దొరికాయి. గెలిచిన వైపు చనిపోయిన తెల్లవారు 22 మంది, సిపాయిలు 50 మంది. తెల్ల సర్దార్ల పేర్లు పుస్తకాలలో ఉన్నాయి. ఆ యాభై మంది ఎవరి బిడ్డలో, ఏ ఊరి వాళ్ళో ఎవరూ రాయలేదు. అటు లోపల చచ్చిన సిపాయిలూ మన నేల మనుషులే. ఫ్రెంచి ఓడలు కొద్ది రోజులు ఆలస్యంగా వచ్చి, కోట మీద వేరే జెండా చూసి వెనక్కు మళ్ళాయి.

అప్పుడు నవాబు చేయగలిగింది ఒక్కటే, గెలిచిన వారితో మాట్లాడుకోవడం. 1759 మే 14న ఒడంబడిక అయింది. మచిలీపట్నం సర్కారు ఎనిమిది పరగణాలతో, నిజాంపట్నం సర్కారు, కొండవీడు, ఆకులమన్నాడు సీమలు ఇంగ్లీషు కుంఫిణీకి ఇనాం. తీరం వెంట 80 మైళ్ళు, లోపలికి 20 మైళ్ళు, ఏటా 4 లక్షల రూపాయల రాబడి అని ఇంగ్లీషు వారి లెక్క. బందరు నుంచి నిజాంపట్నం దాకా గీత గీస్తే మన దివిసీమ ఆ నడుమనే ఉంటుంది. ఫ్రెంచి సైన్యాన్ని పదిహేను రోజుల్లో పంపించి, మళ్ళీ ఎన్నడూ కొలువులో పెట్టుకోకూడదు. ఒకరి శత్రువులకు ఇంకొకరు సాయం చేయకూడదు.

ఇనాం అనే మాట మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. మసీదులో అజాన్ ఇచ్చే ముఅజ్జిన్‌కు, ఖాజీకి, పీర్ల చావిడికి ఎకరమో రెండెకరాలో రాసిచ్చేది ఇనాం. అదే మాటతో ఒక సముద్ర తీరాన్నే రాసిచ్చారు. తీసుకున్న వాడు సేవ చేసేవాడు కాదు, గెలిచినవాడు. మాట మాత్రం దొరతనపు మాట. ఓడిపోయిన వారి మర్యాద కాగితం మీదనైనా నిలవాలనే ఆ కాలపు పద్ధతి అది.

నవాబు ఆశించినది ఇంకొకటి. బందరు ఇచ్చినందుకు ప్రతిగా, తమ్ముడి మీద ఇంగ్లీషు సైన్యం తోడు వస్తుందనుకున్నారు. ఫోర్డు రానన్నాడు. శత్రువుకు సాయపడము అన్న మాటే గాని, నీకు సాయం వస్తాము అన్న మాట కాగితంలో లేదు. ఆయన కోపంతో, ఖాళీ చేతులతో హైదరాబాదు దారి పట్టారు. ఎనిమిదేళ్ళుగా అద్దె సైన్యం మీద నిలిచిన గద్దె, ఆ సైన్యం లేకుండా ఎన్నాళ్ళు నిలుస్తుంది? నిజాం అలీ వచ్చి దివానుగిరీ చేతిలోకి తీసుకున్నాడు. 1760 ఫిబ్రవరిలో ఉద్గీరు దగ్గర మరాఠాల చేతిలో ఓటమి, 60 లక్షల రూపాయల పైచిలుకు రాబడి గల నేల పోయింది. ఆ రోజు మరాఠాల ఫిరంగులు నడిపినది ఇబ్రాహీం ఖాన్ గార్దీ, ఒకప్పుడు బుస్సీ సైన్యంలో పని నేర్చి, నిజాం అలీ కొలువులో గూడా ఉన్నవాడు. అద్దె సైన్యాల కాలంలో అలాగే ఉంటుంది మరి.

1762 జూలైలో నిజాం అలీ అన్నగారిని బీదరు కోటలో ఖైదు చేసి తానే సుబేదారయ్యాడు. ఖైదీ డేరా నుంచి వచ్చిన మనిషి పదకొండేళ్ళ తరువాత ఖైదుకే చేరారు.

ఆ మరుసటి ఏడు, 1763 ఫిబ్రవరి 10న, ప్యారిస్ నగరంలో ఇంగ్లండు, ఫ్రాన్సు రాజులు ఏడేళ్ళ యుద్ధానికి సంధి రాసుకున్నారు. అందులో 11వ షరతు మన హిందూస్థానం గురించినది. దక్కనుకు న్యాయమైన సుబేదారు సలాబత్ జంగ్ అని ఇరుపక్షాలూ అంగీకరించినట్టు అక్కడ రాశారు. వారు ఆ మాట రాసేనాటికి ఆయన బీదరులో కాపలా కింద ఉన్నారు! అద్దె కట్టినన్నాళ్ళూ ఆయన్ను వాడుకున్నవారూ, ఆయన బందరు తీసుకున్నవారూ కలిసి, ఆయన గద్దె పోయాక ఆయనే రాజు అన్నారు. ఆ కబురు నిజాం అలీకి చేరడమే ఆయన ప్రాణం మీదికి వచ్చిందని అంటారు. 1763 సెప్టెంబరులో బీదరు కోటలోనే ఆయన్ను చంపారు. వయసు సుమారు నలభై అయిదు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

హైదరాబాదు నిజాములను ఏడుగురని లెక్కపెడతారు. మొదటివారు తండ్రి, రెండవవారు నిజాం అలీ. నడుమ పదకొండేళ్ళు పాలించిన సలాబత్ జంగ్‌కు ఆ వరుసలో అంకె లేదు.

మిగిలిన సర్కారులకు క్లైవు 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర ఫర్మానా తెచ్చుకున్నాడు. 1766 నవంబరులో నిజాం అలీ, ఏటా 9 లక్షల వరకు పేష్కషు పుచ్చుకునే షరతు మీద, దానికి ఒప్పుకున్నాడు. అన్నగారు జీతాల కింద ఇచ్చినదాన్నే తమ్ముడు కౌలు కింద ఇచ్చాడన్నమాట. బసాలత్ జంగ్ జాగీరైన గుంటూరు సీమ ఆయన పోయాక 1788లో కుంఫిణీకి చేరింది. పరాసుపేటలో మాత్రం ఫ్రెంచి వారికి ఒక చిన్న దివాణం మిగిలింది, దాని మీది హక్కు 1947 అక్టోబరులో వదులుకున్నారు. ఇక ఆ పేష్కషు సంగతి. ఏటా ఇవ్వడం విసుగనిపించి, 1823లో కుంఫిణీ వారు ఒక్కసారిగా 11,66,666 రూపాయలు హైదరాబాదు ఖాతాకు చెల్లువేసి, లెక్క ముగించారు.